కీచుమనే సౌండ్ సంగతి తర్వాత, ముందు ఆ జారే పెడల్ చూపించండి చెల్లెమ్మా

మారతహళ్ళి నుంచి వచ్చిన ఉత్తరం:

"అన్నా నమస్తే. మాది మదనపల్లి, పెళ్ళయినప్పటి నుంచి బెంగళూరులోనే ఉంటున్నాం. మా కారు 2018 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, మాన్యువల్ గేర్, 64 వేల కిలోమీటర్లు తిరిగింది. నెల రోజుల నుంచి బ్రేక్ వేస్తే కీచుమని సౌండ్ వస్తోంది. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే 23,400 ఎస్టిమేట్ ఇచ్చారు: ముందు డిస్కులు రెండూ 6,800, ప్యాడ్లు 3,200, వెనక డ్రమ్ములు రెండూ 4,600, బ్రేక్ షూలు 2,400, క్యాలిపర్ సర్వీస్ 2,200, బ్రేక్ క్లీనింగ్ 1,400, లేబర్ 2,800. మా వీధి చివర గ్యారేజ్ అతను మన కడప మనిషే, ప్యాడ్లు మార్చి డిస్కులు లేత్ పట్టిస్తే 2,800లో అయిపోతుందక్కా అంటున్నాడు, మొన్న బ్రేక్ ఆయిల్ తగ్గిందని కొంచెం పోశాడు కూడా. ఎవరి మాట వినాలి? ఇంకో పదిహేను రోజుల్లో అమ్మానాన్నలని తీసుకుని తిరుమల వెళ్ళాలి. ఇంకోటి, సిగ్నల్ దగ్గర బ్రేక్ తొక్కిపట్టుకుని ఉంటే పెడల్ మెల్లగా కిందికి పోతున్నట్టు అనిపిస్తుంది, వదిలి మళ్ళీ తొక్కితే మామూలుగానే ఉంటుంది. ఏసీ వల్ల అయ్యుంటుందిలే అన్నారు మా ఆయన."

చెల్లెమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికన్నా పెద్ద విషయాన్ని మీరు చివర్లో, ఇంకోటి అని రాశారు. 23 వేలా 2,800నా అన్నది తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఆ పెడల్ ఎందుకు జారుతోందో తేలేదాకా కారు బయటికి తీయకండి, ఆఫీసుకి కూడా వద్దు, అవుటర్ రింగ్ రోడ్ మీద బంపర్‌కి బంపర్ ట్రాఫిక్‌లో మీ ముందు ఒక బైక్ ఉంటుంది కదా, ఆ బైక్ మీద ఎవరో ఒకరు ఉంటారు. భయపెట్టాలని కాదు, కానీ ఇది ఏసీ వల్ల అయ్యేది కాదు. ఏసీ కంప్రెసర్ ఆన్ అయినప్పుడు కారు ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ తిరిగే వేగం కొంచెం మారుతుంది, మన కాలి బలాన్ని పెంచే బూస్టర్ అనే భాగానికి ఇంజిన్ నుంచి వెళ్ళే వాక్యూమ్‌లో, అంటే గాలి లాగే బలంలో, చిన్న తేడా వస్తే పెడల్ కింద కాలికి ఒక్క క్షణం ఏదో తెలుస్తుంది, అంతే. తొక్కిపట్టుకున్న పెడల్ మెల్లగా, ఆగకుండా కిందికి పోతుంటే మాత్రం బ్రేక్ లైన్‌లో ఉండాల్సిన ప్రెజర్ ఎక్కడి నుంచో తప్పించుకుంటోంది అని అర్థం.

ఎక్కడి నుంచి అంటే రెండు దారులు. ఒకటి బయటికి లీక్, అంటే పైపు, హోస్, ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే క్యాలిపర్, వెనక షూలని డ్రమ్ముకి తోసే వీల్ సిలిండర్, వీటిల్లో ఎక్కడో బ్రేక్ ఆయిల్ కారుతోంది. రెండోది లోపలి లీక్, అంటే పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాల వైపు నెట్టే మాస్టర్ సిలిండర్ లోపల ఉండే రబ్బర్ కప్పులు అరిగిపోయి, ఇంజెక్షన్ సిరంజిలో రబ్బర్ పాడైతే మందు వెనక్కి జారినట్టు, ఆయిల్ ముందుకి పోకుండా పిస్టన్ పక్కనుంచి వెనక్కి వచ్చేస్తోంది. లోపలి లీక్ అయితే కింద ఒక్క చుక్క కూడా కనపడదు, అందుకే చాలామంది మోసపోతారు. వదిలి మళ్ళీ తొక్కితే మామూలుగా ఉంది అన్నారు కదా, అది మాస్టర్ సిలిండర్ పోతున్నప్పుడు సరిగ్గా కనిపించే లక్షణం, కాబట్టి నా అనుమానం ముందు దాని మీదే. కానీ గ్యారేజ్ అతను ఆయిల్ తగ్గిందని పోశాడు అన్నారు, అందుకని బయటి లీక్ కూడా చూడాల్సిందే. ప్యాడ్లు అరిగేకొద్దీ బ్రేక్ ఆయిల్ డబ్బాలో లెవెల్ కొంచెం కొంచెం తగ్గడం సహజమే, ప్యాడ్ పల్చబడితే క్యాలిపర్‌లోని పిస్టన్ బయటికి వస్తుంది, ఆ ఖాళీలోకి ఆయిల్ చేరుతుంది. ఎందుకు తగ్గిందో చూడకుండా పోసెయ్యడం మాత్రం తప్పు పని, ఎందుకంటే లెవెల్ తగ్గడం మనకి తేలిగ్గా కనిపించే గుర్తు, పోసేస్తే అది చెరిగిపోతుంది.

ఇంట్లోనే చేసుకునే పరీక్ష చెప్తాను, పార్కింగ్‌లో ఆగి ఉన్న కారులోనే చేయండి. ఇంజిన్ ఆఫ్ చేసి బ్రేక్ ఐదారు సార్లు తొక్కండి, పెడల్ గట్టిపడుతుంది, బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ అయిపోయిందన్నమాట. ఇప్పుడు మరీ గట్టిగా కాదు, సిగ్నల్ దగ్గర పట్టుకున్నంత బలంతో తొక్కి ఒక నిమిషం అలాగే పట్టుకోండి. పెడల్ అక్కడే నిలబడాలి. జారిందంటే లీక్ ఉన్నట్టే. అదే కాలు తీయకుండా ఇంజిన్ స్టార్ట్ చేస్తే పెడల్ ఒక్క అంగుళం లోపు కిందికి దిగి ఆగాలి, అలా దిగితే బూస్టర్ బాగుంది అని, అది చూసి కంగారు పడకండి. స్టార్ట్ చేసినా ఏమీ దిగకుండా బండరాయిలా గట్టిగా ఉంటే బూస్టర్‌దో, దానికి వచ్చే వాక్యూమ్ పైపుదో ప్రాబ్లమ్. మెల్లగా తొక్కమని ఎందుకు అంటున్నానంటే, గట్టిగా తొక్కితే ఆ ప్రెజర్‌కి రబ్బర్ కప్పు సిలిండర్ గోడకి బాగా ఒత్తుకుని లీక్ ఆగిపోతుంది కొన్నిసార్లు, మెల్లగా పట్టుకున్నప్పుడే జారుతుంది, మెకానిక్ సీట్లో కూర్చుని ఒక్కసారి దడేలున తొక్కి అంతా బాగానే ఉందక్కా అనేది ఇందుకే. మీరు కూడా పక్కన నిలబడి నిమిషం సేపు పట్టుకోమని చెప్పండి.

తర్వాత బానెట్ ఎత్తి డ్రైవర్ వైపు చివర చూడండి, నల్లటి గుండ్రటి డబ్బాలా ఉండేది బూస్టర్, దాని ముందు అతికించినట్టు ఉండేది మాస్టర్ సిలిండర్. రెండూ కలిసే చోట కింద తడి ఉందా, పెయింట్ ఉబ్బి ఊడుతోందా చూడండి, బ్రేక్ ఆయిల్ పడిన చోట పెయింట్ నిలవదు. నాలుగు టైర్ల లోపలి వైపు కూడా టార్చ్ వేసి చూడండి, వెనక టైర్ లోపల జిడ్డుగా తడి కనిపిస్తే వీల్ సిలిండర్ లీక్. దానికి పెద్ద ఖర్చు కాదు, ఒక్కోటి 400 నుంచి 900 మధ్య ఉంటుంది, కానీ ఆయిల్ తాగిన షూలు మళ్ళీ పనికిరావు, కడిగి వేస్తాం అంటే ఒప్పుకోవద్దు.

ఇప్పుడు ఆ రెండు ఎస్టిమేట్ల దగ్గరికి వద్దాం. రెండిట్లోనూ నన్ను బాధపెట్టింది ఏంటంటే 23,400 అడిగిన వాళ్ళ లిస్టులోనూ మాస్టర్ సిలిండర్ లేదు, బ్రేక్ ఆయిల్ మార్చడం లేదు, 2,800 అన్నాయన లిస్టులోనూ లేదు. ఒకరు అవసరం లేనివి కూడా రాశారేమో అనిపిస్తుంది, ఇంకొకరు సౌండ్ ఒక్కటే ఆపుతానంటున్నారు, ఇద్దరూ మీ అసలు ప్రాబ్లమ్‌ని ముట్టుకోలేదు. పెడల్ సంగతి మీరు వాళ్ళకి చెప్పారో లేదో ఉత్తరంలో లేదు, చెప్పకపోతే ఇప్పుడు జాబ్ కార్డ్ మీద, అంటే చేయాల్సిన పనులు రాసుకునే కాగితం మీద రాయించండి, నోటి మాటగా కాదు, తొక్కిపట్టుకుంటే పెడల్ జారుతోంది అని అక్షరాలా రాయించండి.

డిస్కులు మార్చాలా వద్దా అన్నది ఎవరి అభిప్రాయం మీదా ఆధారపడే విషయం కాదు, కొలిస్తే తేలిపోతుంది. ప్రతి డిస్క్ మీద అంచునో మధ్య టోపీ లాంటి భాగం మీదో మినిమమ్ మందం ఎంతో చెక్కి ఉంటుంది, తుప్పు పట్టి ఉంటే వైర్ బ్రష్‌తో రుద్దితే కనపడుతుంది. మామూలుగా కొత్త డిస్క్‌కీ ఆ మినిమమ్‌కీ మధ్య తేడా 2 మిల్లీమీటర్ల దగ్గరే ఉంటుంది. మైక్రోమీటర్ పెట్టి మూడు నాలుగు చోట్ల కొలిచి చూపించమనండి, వెర్నియర్‌తో కొలిస్తే డిస్క్ చివర అరగకుండా మిగిలిన గట్టు అడ్డుపడి ఎక్కువ చూపిస్తుంది. మినిమమ్ కన్నా తగ్గితే మార్చాల్సిందే, మాట్లాడకుండా 6,800 కట్టండి. దాటి బాగా ఉంటే, బ్రేక్ వేసినప్పుడు స్టీరింగ్ వణకకపోతే, అసలు డిస్కుల జోలికే పోనక్కర్లేదు. మీ కడప తమ్ముడు లేత్ పట్టిస్తా అన్నది కూడా ఇదే కొలతతో చూడాలి, లేత్ మీద చెక్కితే ఇంకొంచెం మందం పోతుంది కదా, చెక్కిన తర్వాత కూడా మినిమమ్ పైనే ఉండాలి, లేకపోతే పల్చటి డిస్క్ తొందరగా వేడెక్కుతుంది, ఘాట్‌లో అదే మనకి శత్రువు. మన భాష మాట్లాడాడని నమ్మబుద్ధవుతుంది, నాకు తెలుసు, పరాయి ఊళ్ళో ఒక తెలుగు మెకానిక్ దొరికితే సగం భారం దిగినట్టుంటుంది. ఆయన చెడ్డవాడని అనట్లేదు, కొలత చూపించమని ఆయన్నీ అడగండి అంటున్నాను.

ప్యాడ్లు మాత్రం మార్చే టైమ్ వచ్చే ఉంటుంది. చాలా ప్యాడ్లకి ఒక చిన్న ఇనప రేకు ఉంటుంది, మందం తగ్గేసరికి అది డిస్క్‌కి తగిలి కీచుమని అరుస్తుంది, అరవడానికే పెట్టారు దాన్ని. కొత్త ప్యాడ్ మీద రాపిడి పదార్థం 10 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, 3 కన్నా తగ్గితే మార్చెయ్యాలి, అది కూడా ఎడమ కుడి రెండు వైపులా కలిపి. పొద్దున్నే వాన పడిన తర్వాత మొదటి నాలుగైదు బ్రేకులకి గరగరమని తర్వాత పోయే సౌండ్ అయితే అది డిస్క్ మీద పట్టిన పైపై తుప్పు, దానికి ఏమీ చెయ్యక్కర్లేదు. కీచు పోయి ఇనుము ఇనుముని గీకుతున్నట్టు గర్రుమంటే మాత్రం ప్యాడ్ పూర్తిగా అయిపోయి వెనక ప్లేట్ డిస్క్‌ని తినేస్తోంది, రెండు వేల పని పదివేల పని అయ్యేది అక్కడే.

ఇంకో చిన్న విషయం, ఒక పక్క ప్యాడ్ పూర్తిగా అరిగి ఇంకో పక్కది బాగుంటే క్యాలిపర్ పిన్నులు జామ్ అయ్యాయని అర్థం, బ్రేక్ వేసినప్పుడు కారు ఒక వైపు లాగేది, ఆగాక ఒక చక్రం దగ్గర మాడు వాసన వచ్చేది కూడా చాలాసార్లు దీనివల్లే. పిన్నులు తీసి తుడిచి బ్రేకులకి వాడే సిలికాన్ గ్రీజు రాస్తే సరిపోతుంది, మామూలు బేరింగ్ గ్రీజు రాస్తే రబ్బర్లు ఉబ్బిపోతాయి. మీ ఎస్టిమేట్‌లో 2,200 క్యాలిపర్ సర్వీస్, 1,400 బ్రేక్ క్లీనింగ్ అని విడివిడిగా రాశారు, రెండిట్లో చేసే పని ఏంటి, తేడా ఏంటి అని అడగండి, ప్యాడ్లు మార్చేటప్పుడు ఎలాగూ విప్పాలి కాబట్టి శుభ్రం చేసి గ్రీజు రాయడం ఆ లేబర్‌లోనే రావాలి. క్యాలిపర్ సీల్ కిట్ మారుస్తున్నారా అంటే అది వేరే పని, దానికి డబ్బు ఇవ్వొచ్చు. వెనక డ్రమ్ములు 64 వేలకే రెండూ పోవడం నాకు నమ్మశక్యంగా లేదు, వాటికి కూడా ఇంతవరకూ అరగొచ్చు అని మ్యాగ్జిమమ్ వ్యాసం రాసి ఉంటుంది, కొలిపించండి.

ఇప్పుడు బెంగళూరులో చిన్న హ్యాచ్‌బ్యాక్‌కి ఏది ఎంత అవుతుందో సుమారుగా చెప్తాను, మోడల్‌ని బట్టి, షాపుని బట్టి పైకీ కిందికీ అవుతుంది. మాస్టర్ సిలిండర్ 2,500 నుంచి 4,500, దాన్ని బిగించి బ్రేక్ పైపుల్లో చిక్కుకున్న గాలి (ఎయిర్) మొత్తం తీయడానికి లేబర్ 1,000 నుంచి 1,500, లీటర్ బ్రేక్ ఆయిల్ 400 నుంచి 600. ముందు ప్యాడ్ల సెట్ 1,600 నుంచి 2,800, లేబర్ 400 నుంచి 700. అంటే పెడల్ జారడమూ సౌండూ రెండూ పోవడానికి ఆరు వేల నుంచి పది వేల మధ్యలో అయిపోవాలి. షూలు కూడా అరిగి ఉంటే ఇంకో 1,500 నుంచి 2,300 కలుపుకోండి. బూస్టరే పోయిందని తేలితే పార్ట్ ఒక్కటే నాలుగు నుంచి ఏడు వేలు ఉంటుంది, కానీ మీరు చెప్పిన లక్షణాలకి అది కనపడట్లేదు. మాస్టర్ సిలిండర్‌కి రబ్బర్ కిట్ మాత్రం వేస్తాను, ఐదారు వందల్లో అయిపోతుంది అని ఎవరైనా అంటే వద్దనండి, సిలిండర్ లోపలి గోడ మీద గీతలు ఉంటే కొత్త రబ్బర్ కూడా కొన్ని నెలల్లోనే పోతుంది. వేరే ఎక్కడైనా పొదుపు చేయండి, ఇక్కడొద్దు.

పార్టులు బయట కొనుక్కోవాలంటే జేసీ రోడ్‌లో అన్ని కార్లకీ దొరుకుతాయి, కానీ అసలుదీ నకిలీదీ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి కంపెనీ ఒరిజినల్ గానీ బాష్, బ్రేక్స్ ఇండియా, రానే లాంటి పేరున్న వాళ్ళవి గానీ బిల్లుతో తీసుకోండి, ఛాసిస్ నంబర్ చెప్పి పార్ట్ నంబర్ సరిచూసుకోండి. డబ్బా మీద ఉన్న ఎంఆర్‌పీలోనే పన్ను కలిపి ఉంటుంది, దాని మీద మళ్ళీ జీఎస్టీ వేస్తే కట్టొద్దు. 2025 సెప్టెంబర్ 22 నుంచి కార్ విడిభాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, ఎస్టిమేట్‌లో పాత రేట్లే ఉన్నాయేమో చూసుకోండి. మార్చిన పాత పార్టులన్నీ మీ చేతికి ఇవ్వాలని ముందే చెప్పండి. ఇన్సూరెన్స్‌లో వస్తుందా అని అడుగుతారేమో, అరుగుదలకి రాదు, కానీ మీ పాలసీలో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉంటే కారు నడపకుండా గ్యారేజ్ దాకా ఎత్తుకెళ్ళడానికి పనికొస్తుంది, అది వాడుకోండి.

బ్రేక్ ఆయిల్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, తిరుమల వెళ్తున్నారు కాబట్టి. మీరు ఎప్పుడు మార్చారో రాయలేదు, సర్వీస్ బిల్లుల్లో వెతకండి, రెండేళ్ళకోసారి మార్చాల్సిన దాన్ని చాలామంది కారు కొన్నప్పటి నుంచీ ముట్టుకోరు. ఆ ఆయిల్‌కి గాల్లో తేమ పీల్చుకునే గుణం ఉంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని లెక్క, తేమ పీల్చాక అది 155కి పడిపోయినా ప్రమాణం లోపలే ఉన్నట్టు, ఏళ్ళ తరబడి మార్చకపోతే ఇంకా కిందికి పోతుంది. సిటీలో ఎంత పాత ఆయిల్ అయినా నడిచిపోతుంది. ఘాట్ దిగేటప్పుడు కాలు బ్రేక్ మీదే ఉంచితే ప్యాడ్ల వేడి క్యాలిపర్ గుండా ఆయిల్‌కి చేరి అది మరిగి ఆవిరవుతుంది, ఆవిరిని నొక్కితే నలిగిపోతుందే తప్ప చక్రం దగ్గర ప్రెజర్ రాదు, పెడల్ నేలకి తగులుతుంది, కారు ఆగదు. కాబట్టి మాస్టర్ సిలిండర్ మార్చేటప్పుడు పాత ఆయిల్ మొత్తం తీసేసి నాలుగు చక్రాల దగ్గరా ఎయిర్ తీయించండి, పైన పోసి వదిలెయ్యడం కాదు. కారులో బ్రేక్ ఆయిల్ పోసే డబ్బా మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో రాసి ఉంటుంది, అదే వాడండి, సీల్ తీయని కొత్త ఆయిల్ సీసా మీ ఎదురుగా తెరవమనండి. మీ కారుకి ఏబీఎస్ (సడన్ బ్రేక్‌కి చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) ఉంటే ఆ యూనిట్‌లోకి గాలి వెళ్తే తీయడానికి స్కానర్ కావాల్సి రావొచ్చు, మీ వీధి గ్యారేజ్‌లో అది ఉందో లేదో అడగండి, లేకపోతే ఈ ఒక్క పని ఉన్న చోట చేయించండి, ప్యాడ్లు ఆయన చేతే వేయించుకోవచ్చు.

ప్రయాణానికి కనీసం వారం ముందు పని పూర్తవ్వాలి. కొత్త ప్యాడ్లు డిస్క్‌తో సర్దుకోవడానికి మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు పడుతుంది, అప్పటిదాకా అవసరమైతే తప్ప సడన్ బ్రేక్ వేయకండి. గ్యారేజ్ నుంచి కారు తీసుకునేటప్పుడు కదిలించేముందే పెడల్ నాలుగైదు సార్లు తొక్కి గట్టిగా ఉందో లేదో చూడండి, నేను పైన చెప్పిన ఒక నిమిషం పరీక్ష అక్కడే మళ్ళీ చేయండి, జారితే డబ్బు కట్టకుండా లోపలికి పంపండి. అప్పటికీ అనుమానం ఉంటే అమ్మానాన్నలతో రైల్లోనో బస్సులోనో వెళ్ళండి, కారు తర్వాత చూసుకోవచ్చు.

అంతా బాగుంటే వెళ్ళిరండి హాయిగా. ముళబాగిలు, పలమనేరు మీదుగా వెళ్తే చిత్తూరు లోపు మొగిలి ఘాట్ ఒకటి వస్తుంది, అక్కడే మీ బ్రేకుల మీద మీకు నమ్మకం కుదరాలి. తిరుమలకి ఎక్కేది 1974లో వేసిన రెండో ఘాట్ రోడ్, దిగేది 1944 నాటి మొదటి ఘాట్ రోడ్, మలుపు మీద మలుపు. టీటీడీ వాళ్ళు ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు అని పెట్టింది ఊరికే కాదు. దిగేటప్పుడు రెండో గేర్‌లో ఉంచండి, ఇంజినే సగం పట్టుకుంటుంది, బ్రేక్ మలుపు ముందు గట్టిగా వేసి వదిలెయ్యండి, కాలు దానిమీద ఆనించి ఉంచొద్దు. పెట్రోల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదలడం, ఇంజిన్ ఆపడం అస్సలొద్దు, ఇంజిన్ ఆగితే బూస్టర్ ఒకట్రెండు తొక్కులకే చేతులెత్తేస్తుంది. మాడు వాసన వచ్చినా, పెడల్ మెత్తబడినట్టు అనిపించినా వెంటనే పక్కకి తీసి, గేర్‌లో పెట్టి, చక్రం కింద రాయి పెట్టి అరగంట చల్లారనివ్వండి, వేడి డిస్కుల మీద నీళ్ళు పోయకండి, వంకరపోతాయి. నడుస్తుండగానే పెడల్ కిందికి పోతే గబగబా మూడు నాలుగు సార్లు తొక్కండి, కొంచెం ప్రెజర్ తిరిగి వస్తుంది, అదే సమయంలో గేర్లు ఒక్కొక్కటిగా కిందికి దించి హ్యాండ్‌బ్రేక్ బటన్ నొక్కిపట్టుకుని మెల్లమెల్లగా లాగండి, ఒక్కసారిగా లాగితే వెనక చక్రాలు జారతాయి. ఇది మీకే కాదు, మీ ఆయనకి కూడా చదివి వినిపించండి, స్టీరింగ్ ముందు ఆ రోజు ఎవరుంటారో తెలియదు కదా.